బొత్తాలతో ఐదు ముక్కల పోకర్

తప్పులు పట్టడం నా వృత్తి. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో చాలా ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతున్నాను. ఒక ప్రోగ్రాం ఏం చేయాలని కాగితం మీద రాసి ఉందో, నిజంగా ఏం చేస్తోందో పక్కపక్కన పెట్టి తేడా ఉంటే చూపించాలి. అంతే పని. అయితే ఈ అలవాటు క్లాసురూము దాటి నాతో ఇంటికి వచ్చేసింది. హోటల్లో కూర్చుంటే మెనూలో అక్షరదోషాలు వెతుకుతాను. పెళ్ళి కార్డు వస్తే తేదీ, వారం కలిశాయో లేదో క్యాలెండర్ తీసి చూస్తాను. మా ఆవిడ నాతో పెళ్ళిళ్ళకు రావడం మానేసింది. ఈ జబ్బుతోనే ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక మనిషి చేతిలోంచి కత్తెర ఊడగొట్టినంత పని చేశాను.

ఆ మనిషి మా టైలర్ మాస్టర్. పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు వచ్చే రోడ్డు వెనక సందులో ఆయన షాపు. రెండు మిషన్లు, ఒక పెద్ద కటింగ్ బల్ల, గోడకు ఒక మేకు, ఆ మేకుకు తగిలించిన బరువైన కత్తెర. మొదటిసారి ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వెళ్ళాను. అది ఆదివారం. షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి చూస్తే కటింగ్ బల్ల చుట్టూ ముగ్గురు పేకాడుతున్నారు. బల్ల మధ్యలో డబ్బు లేదు. బొత్తాల కుప్ప ఉంది.

"జర కూసోండ్రి సార్. గీ ఆట అయినంక చూస్త," అన్నాడు మాస్టర్.

కూర్చున్నాను. రమ్మీ కాదు, మూడు ముక్కలాట కాదు. ఏమిటో అర్థం కాలేదు. అర్థం కానిది కళ్ళముందు జరుగుతుంటే నేను లేచి వెళ్ళలేను. ఆరోజు ప్యాంటు సంగతి మరిచిపోయి ఐదింటిదాకా అక్కడే ఉన్నాను. తర్వాతి ఆదివారం నాలుగో మనిషిగా కూర్చున్నాను.

మిగిలిన ఇద్దరినీ చెప్పాలి. ఒకరు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన పెద్దాయన. గుంటూరు వైపు మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి. ఇంకొకరు పక్క సందులో ఆడపిల్లల హాస్టల్ నడిపే అక్క. ఎనభై మంది పిల్లలకు పొద్దున టిఫిన్, మధ్యాహ్నం అన్నం పెట్టించి, మూడింటికి కాస్త ఖాళీ దొరకగానే వచ్చేది. ఆ అక్క పేకముక్కలు పట్టుకుంటే మొహంలో ఏమీ తెలిసేది కాదు. హాస్టల్ పిల్లలు చెప్పే అబద్ధాలు రోజూ వినీ వినీ ఆ మొహం అలా తయారైందని టైపిస్టు గారు అనేవారు.

ఆట ఐదు ముక్కల పోకర్. మాస్టర్‌కి కుర్రతనంలో లక్డీకాపూల్‌లో ఒక హోటల్ స్టీవార్డులకు కోట్లు కుట్టే పని ఉండేదట. వాళ్ళు నేర్పారు. ఈ ఆట తెలియనివాళ్ళకు రెండు మాటల్లో చెబుతాను. పంచకముందే తలా ఒక బొత్తాం మధ్యలో వేయాలి. తలా ఐదు ముక్కలు, అన్నీ చేతిలోనే, ఎవరికీ చూపించకూడదు. జాకీల జత గానీ అంతకన్నా మంచిది గానీ ఉన్నవాడే పందెం తెరవాలి. తర్వాత నచ్చని ముక్కలు బోర్లా పారేసి, "రెండు" అనో "మూడు" అనో అడిగితే పంచేవాడు అన్ని కొత్తవి ఇస్తాడు. మళ్ళీ పందెం. నిలబడినవాళ్ళు చివర ముక్కలు పరుస్తారు. జత కన్నా రెండు జతలు గొప్ప, దానికన్నా ఒకే అంకె మూడు, దానికన్నా వరస, దానికన్నా ఐదూ ఒకే గుర్తు. ఇంకా పైవి ఉన్నాయి గానీ అవి మాకు ఎప్పుడో గానీ వచ్చేవి కావు.

చొక్కా బొత్తాం ఒకటి అంటే ఒకటి. ప్యాంటు బొత్తాం ఐదు. షేర్వానీ ఇత్తడి బొత్తాం ఇరవై. ఆట అయ్యాక అన్నీ బిస్కెట్ డబ్బాలోకి. ఎవరూ ఏమీ ఇంటికి తీసుకుపోయేది లేదు. మాస్టర్ తన బొత్తాల వైపు చూడకుండానే వేళ్ళతో తడిమి ఎన్ని ఉన్నాయో చెప్పేవాడు. రెండు బెజ్జాలది, నాలుగు బెజ్జాలది, కాడ ఉన్నది, అన్నీ వేళ్ళకే తెలిసేవి. దర్జీ వేళ్ళంటే ఇవీ అని నేను మురిసిపోయాను.

నాకు ఈ ఆటలో నచ్చింది ఏమిటంటే, బయటపడేది దాదాపు ఒక్క సంగతే: ఎవరు ఎన్ని ముక్కలు మార్చారు. టైపిస్టు గారు మూడు అడిగితే ఆయన దగ్గర ఒక జత ఉన్నట్టే. ఆయన జీవితంలో ఎవరినీ మోసం చేయలేరు, పేకలో అసలే చేయలేరు. అక్క ఒకటి అడిగితే మాత్రం రెండు జతలు ఉండొచ్చు, ఏమీ లేకపోనూ వచ్చు. మాస్టర్ తల కొంచెం వంచి గొంతులు వినేవాడు. మనిషి "రెండు" అనే తీరులోనే ఆయనకు సగం ఆట తెలిసిపోయేది.

ఇంత మంచి ఆట ఎందుకు పోతోందో నాకు అంతు పట్టలేదు. ఒకప్పుడు ఆ సందులోనే మూడు చోట్ల ఆడేవారట. ఇప్పుడు మా బల్ల ఒక్కటే. క్లాసులో ముప్పై మంది పిల్లల్ని అడిగాను. పోకర్ అనగానే సగం మంది చేతులెత్తారు. కానీ వాళ్ళకు తెలిసింది వేరే రకం. చేతిలో రెండే ముక్కలు, బల్ల మీద ఐదు ముక్కలు అందరికీ కనిపించేలా పరిచి ఉంటాయి. టీవీలో, ఫోన్లో అంతా అదే. మా ఆట గురించి చెబితే ఒక పిల్ల అడిగింది: "టేబుల్ మీద ముక్కలే లేకపోతే ఏం చూడాలి సార్?"

ఈ మాట మాస్టర్‌కి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు. "మంచిగడిగింది. చూసేటిది ఏం లేదు బిడ్డా, ఇనేటిదే ఉన్నది అని చెప్పు," అన్నాడు.

కుతూహలం కొద్దీ ఒక ఆదివారం ఆ కొత్త రకం ఆడించాను. బల్ల మధ్యలో ఐదు ముక్కలు పరిచాను. మాస్టర్ రెండు ఆటలు ఆడి ముక్కలు కింద పెట్టేశాడు. "గిది నాకు పడదు సార్." ఎందుకు పడదంటే చెప్పలేదు. పెద్దవాళ్ళ మొండితనం అనుకున్నాను.

ఆ రోజుల్లో మాస్టర్‌కీ ఆయన కొడుకుకీ మధ్య ఒక మాట నడుస్తుండేది. కొడుకు మంచివాడు. హోటల్ రిసెప్షన్లో పని. తండ్రి కష్టపడింది చాలు, ఇంట్లో కూర్చోవాలని అతని కోరిక. ఫోన్ కవర్లు అమ్మే ఒకతను షాపు అద్దెకు అడుగుతున్నాడు. మాస్టర్ జవాబు ఒకటే. మా అందరి ముందూ ఎన్నోసార్లు చెప్పాడు. "నా చేతిల కత్తెర సీదా నడిచినన్ని దినాలు దుకాణం నాది. వంకర పోయిన దినం తాళంచెవి నీకిస్త. నువ్వు అడగనక్కర లేదు."

ఆ మాటకు కొడుకు ఎదురు చెప్పలేదు. ప్రతి ఆదివారం ఐదింటికి వచ్చి తండ్రితో కలిసి షట్టర్ దించి, బండి మీద ఎక్కించుకుని బోరబండలోని ఇంటికి తీసుకుపోయేవాడు.

ఇప్పుడు నేను పట్టిన తప్పు దగ్గరికి వస్తాను.

మా బల్ల మీద ఒక పద్ధతి ఉండేది. చివర ముక్కలు పరిచాక ఎవరూ నాకిది వచ్చిందని చెప్పకూడదు. టైపిస్టు గారు కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్కరివీ వరసగా పైకి చదివేవారు. "అక్కగారివి: ఆటీన్ రాణి, ఇస్పేట్ రాణి, డైమన్ నాలుగు..." పెళ్ళిలో ఎవరు ఏం కానుక ఇచ్చారో మైకులో చదివినట్టు ఉండేది. అందుకే దాన్ని చదివింపులు అనేవాళ్ళం. చదివాక ఆయనే గెలిచిందెవరో చెప్పేవారు. మాస్టర్ ఒక్కోసారి పెద్ద పందెం కాసి, చదివాక చేతిలో ఏమీ లేదని తేలితే, "అరె, దబాయిద్దామనుకున్న, నడువలే," అని నవ్వేసేవాడు.

ఇది పోకర్ నియమమేనా అని నాకు అనుమానం. దొరికిన నియమాలన్నీ చదివాను. ఎక్కడా లేదు. ఎవరి ముక్కలు వాళ్ళే చూపించుకోవాలి, ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి. ఒకరే అందరివీ చదవడమనేది ఏ రకం పోకర్‌లోనూ లేదు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నాలుగు పేజీలు ప్రింటు తీసి, కావాల్సిన చోట పసుపు రంగు పూసి, ఆదివారం పట్టుకెళ్ళాను.

"ఉండనివ్వండి మాస్టారూ. ఎప్పటినుంచో ఉన్న పద్ధతి," అన్నారు టైపిస్టు గారు నాతో.

"ఎప్పటినుంచి?"

ఆయన పెన్ను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. అక్క నా వైపు ఒక చూపు చూసింది. హాస్టల్లో గేటు దూకిన పిల్ల వైపు చూసే చూపు. నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని కూడా అర్థం కాలేదు. పసుపు పూసిన వాక్యం పైకి చదివాను.

మాస్టర్ ముక్కలు దొంతి పెట్టి నా ముందుకు జరిపాడు. "పుస్తకంల లేకుంటే తీసేద్దాం. పంచుండ్రి," అన్నాడు.

మూడో ఆటలో నాకు మూడు పదులు వచ్చాయి. నేనే తెరిచాను. మాస్టర్ ఒక ముక్క మార్చాడు. అక్క, టైపిస్టు గారు తప్పుకున్నారు. మేమిద్దరం పెంచుకుంటూ పోయాం. మధ్యలో రెండు ఇత్తడి బొత్తాలు కూడా పడ్డాయి. నేను పదులు పరిచాను. మాస్టర్ తన ఐదూ పరిచి, "ఫ్లష్. అయిదుకు అయిదు ఇస్పేట్," అంటూ బొత్తాల మీద చేయి వేసి తనవైపు లాక్కున్నాడు.

అందులో ఏడు కళావర్. ఇస్పేట్ కాదు.

టైపిస్టు గారు గబుక్కున, "అవును, ఇస్పేటే, ఐదూ ఇస్పేటే," అన్నారు. జీవితమంతా కోర్టులో సాక్షుల మాటలు అక్షరం తప్పకుండా కొట్టిన మనిషి. ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి అబద్ధం అది. నాకు అక్కడైనా తట్టాలి. తట్టలేదు.

"ఆగండి మాస్టర్. ఏడు కళావర్ కదా," అన్నాను.

ఎప్పుడొచ్చాడో, షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చిన కొడుకు అక్కడే నిలబడి ఉన్నాడు. బల్ల దగ్గరికి వచ్చి ఆ ముక్క తీసుకున్నాడు. రెండు అడుగులు వెనక్కి వేసి ఎత్తి పట్టుకున్నాడు.

"అబ్బా, యే కౌన్సా పత్తా?" ఇదేం ముక్క నాన్నా అని.

మాస్టర్ నవ్వుతూనే అన్నాడు. "ఇస్పేట్ కా సాత్." ఇస్పేట్ ఏడట.

కొడుకు దాన్ని కింద పెట్టి ఇంకో ముక్క ఎత్తాడు. అది నా ఆటీన్ పది. ఎర్రగా ఉంది. "ఔర్ యే?" అన్నాడు, మరి ఇదేమిటని.

మాస్టర్ చాలాసేపు చూశాడు. లేచి, గోడ మేకు నుంచి కత్తెర తీసి, ఒక గుడ్డ ముక్కలో చుట్టి సొరుగులో పెట్టాడు. బొత్తాలన్నీ డబ్బాలో పోశాడు. మేము బయటికి వచ్చాం. తండ్రీ కొడుకులు షట్టర్ దించారు. మాస్టర్ తాళంచెవి కొడుకు చేతిలో పెట్టాడు. బండి మీద వెనక కూర్చున్న మాస్టర్ మా వైపు తిరిగి చూడలేదు.

సందు చివర అక్క నన్ను నిలబెట్టింది. "మూడేండ్లైంది సార్ ఆయనకు కండ్లు మసకబట్టి. ఎర్రది, నల్లది ఒక్కతీర్గనే కొడుతున్నయి. ముక్క మొహం దగ్గర పెట్టుకుంటెనే జర కానొస్తది. పక్కోల్లయి అసలే కానరావు. అందుకే గీ పెద్దసారు గా చదువుడు పెట్టిండు. ఆయన అడగలే, మేము చెప్పలే. నువ్వొచ్చి పుస్తకం తీసినవ్."

టైపిస్టు గారు ఎప్పటిలాగే నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. దానికన్నా అక్క తిట్టడమే నయమనిపించింది.

నాకు సిగ్గేసింది. ఆ రాత్రి కాదు, ఆ క్షణానే, రోడ్డు మీదే. నా నీలం ప్యాంటు అంచు నల్లదారంతో కుట్టి ఇచ్చినప్పుడు, "మాస్టర్, రంగులు కూడా నేనే చెప్పాలా?" అని అందరి ముందూ ఎగతాళి చేసింది నేనే. బల్ల మీద పరిచిన ఆట ఎందుకు పడదో, బొత్తాలు ఎందుకు తడుముతాడో, తల వంచి ఎందుకు వింటాడో అన్నీ నా ముందే ఉన్నాయి. ప్రతి చిన్న తేడా పట్టేవాణ్ణి. ఒక మనిషికి చూపు తగ్గడం పట్టలేకపోయాను.

వరసగా మూడు ఆదివారాలు షట్టర్ తెరవలేదు. నాలుగో వారం బోరబండ వెళ్ళాను. మాస్టర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. క్షమించమన్నాను. "నీ పని నువ్వు జేసినవ్ సార్. ఫికర్ జెయ్యకు," అన్నాడు. డాక్టర్ చూసి మోతియాబిందు అన్నాడట, అంటే శుక్లం. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నాడు. మాస్టర్ ఒప్పుకోవడం లేదు. ఆయన అన్నకు ఎప్పుడో ఇదే ఆపరేషన్ చేస్తే ఒక కన్ను పోయింది. "ఇప్పుడు జరంత కానొస్తుంది. గది సుత పోతే?"

కొడుకు గుమ్మంలో నిలబడి అన్నాడు. "సార్, నేను దుకాణం కోసం కొట్లాడుతలేను. కన్ను బాగు చేసుకోమను. డాక్టర్ ఒప్పుకున్నంక నా ముందల ఒక్క జాకెట్ కట్ చేయమను. కత్తెర సీదా పోతే దుకాణం ఊసే ఎత్తను."

మాస్టర్ దిండు కింద నుంచి ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కాగితాలు తీసి నా చేతికిచ్చాడు. "నువ్వు రూల్స్ బాగ సదువుతవ్ గద. సదువు."

చదివాను. ఆపరేషన్ ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చేయకూడదు, ఏం జరగొచ్చు, ఏం జరిగితే వెంటనే రావాలి. ఒక్క వాక్యం వదల్లేదు. భయపెట్టేవి మెల్లగా, రెండుసార్లు చదివాను. ఆయన తల వంచి విన్నాడు. పేకలో నా గొంతు విన్నట్టే విన్నాడు. మొత్తం అయ్యాక, "నువ్వేం దాస్తలేవు," అన్నాడు. మరునాడు ఒప్పుకున్నాడని కొడుకు ఫోన్ చేశాడు.

రెండు కళ్ళకూ అయ్యేసరికి చాలా వారాలు పట్టింది. మళ్ళీ షట్టర్ లేచిన ఆదివారం అందరం వెళ్ళాం. కొడుకు కూడా వచ్చాడు, తాళంచెవి చేతిలో పట్టుకుని. ఆ రోజు ఏం తేలాలో అందరికీ తెలుసు. మాస్టర్ గుమ్మంలో నిలబడి గోడలు, మిషన్లు, మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. టైపిస్టు గారు ఇంత ముసలివారైపోయారని తెలియదన్నాడు. అక్క దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. ఆమె వేసుకున్న ఆకుపచ్చ జాకెట్ చేతి అంచు చూస్తున్నాడు.

"గీ కుట్టు నాది కాదు," అన్నాడు.

"నీదే మాస్టర్. దసరాకు కుట్టినవ్ గద."

"గుడ్డ నేను కుట్టిన గుడ్డే. కుట్టు నాది కాదు."

అక్క ఎప్పుడూ ఏమీ తెలియనివ్వని మొహంతో కూర్చోవాలని చూసింది. కుదరలేదు. చివరికి చెప్పింది. రెండేళ్ళుగా మాస్టర్ కుట్టిన జాకెట్లన్నీ ఎర్రగడ్డలో ఇంకో టైలర్ దగ్గర విప్పించి, మళ్ళీ కుట్టించి, ఆదివారం ఆట రోజు వేసుకుని వస్తోంది. పాత కుట్లు ఎక్కడ పడితే అక్కడ పడేవట.

"ఎన్ని?"

"పదకొండు."

మాస్టర్ మిషన్ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. కొత్త కళ్ళకు నీళ్ళు తగలకూడదని కాగితంలో నేనే చదివాను. ఆయన పైకి చూస్తూ కళ్ళు ఆర్పుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి లేచాడు.

"ఆది జాకెట్ తీస్కరా అక్క. పదకొండు మల్ల కుడ్త. ముందుగాల కాగితం మీద కట్ చేసి చూపిస్త మా వానికి." బల్ల కింద వెతికితే పాత పేపరు దొరకలేదు. సొరుగు లాగాడు. గుడ్డలో చుట్టిన కత్తెర, దానికింద ఆరోజు నేను వదిలేసి వెళ్ళిన నాలుగు పేజీల నియమాలు ఉన్నాయి. వాటిని తీసి, వెనక్కి తిప్పి, ఒకదానికొకటి అంటించాడు. అక్క హాస్టల్‌కి వెళ్ళి ఆది జాకెట్ తెచ్చింది. దాన్ని పరిచి, సుద్దతో చేయి, చంక, మెడ గీశాడు. కొడుకు బల్లకు అటువైపు వచ్చి నిలబడ్డాడు. టైపిస్టు గారు కళ్ళజోడు సర్దుకున్నారు, మళ్ళీ ఏదో చదవాలన్నట్టు.

కత్తెర చంక దగ్గర వంపు తిరిగింది. అక్కడే చేయి తడబడుతుందని నాకు ఆయనే ఒకసారి చెప్పాడు. నేను వంగి, కళ్ళు గీత మీదే పెట్టి, నాకు చేతనైన ఒకే ఒక్క పని చేశాను. మొదటి నుంచి చివరి దాకా తప్పు వెతికాను.

దొరకలేదు. కొడుకు తాళంచెవి బొత్తాల డబ్బాలో వేసి మూత పెట్టాడు.